జపాన్‌లో గుడికి వెళ్లే ముందు జాగ్రత్తలు

ముందు అది జపాన్ సొంత మతమైన షింటో మందిరమా, బౌద్ధాలయమా చూసుకోండి. ద్వారంలా నిలబడిన తోరీ ఉంటే చాలావరకు షింటోదే. జపాన్‌లో ఎక్కువమంది రెండింటికీ వెళ్తారు, కానీ మొక్కే పద్ధతి వేరు.

• తోరీ దగ్గర తల వంచి, దారికి ఓ పక్కగా నడవండి. నడిమి దారి దేవుడిది.

• చేతులు కడుక్కునే చోట తొందరపడొద్దు. గరిటె కుడిచేత్తో పట్టి ఎడమచేయి, తర్వాత చేయి మార్చి కుడిచేయి కడగాలి. ఎడమ అరచేతిలో నీళ్లు పోసుకుని నోరు పుక్కిలించాలి. గరిటెకు నోరు తగలకూడదు. చివర్లో దాన్ని నిలువుగా ఎత్తితే మిగిలిన నీళ్లు జారి పిడి కూడా శుభ్రమవుతుంది. తర్వాత వచ్చేవాళ్ల గురించి ఇంత ఆలోచన ఉండటం నాకెంతో నచ్చుతుంది. గరిటె లేకపోతే ధార కిందే కడుక్కోండి.

• షింటో మందిరంలో నాణెం వేసి, రెండుసార్లు వంగి, రెండు చప్పట్లు కొట్టి, మళ్లీ ఒకసారి వంగాలి. ఇజుమో అనే ఊళ్లోని పెద్ద షింటో మందిరంలో మాత్రం నాలుగు చప్పట్లు. బౌద్ధాలయంలో చప్పట్లు అసలు వద్దు, నిశ్శబ్దంగా చేతులు జోడించండి.

• ఇంట్లో ఎవరైనా పోతే అక్కడివాళ్లు సాధారణంగా 50 రోజులు షింటో మందిరానికి వెళ్లరు. మన మైల లాంటిదే. మీరూ పాటిస్తే మంచిది.

• ఫొటో తీసే ముందు బోర్డు చూడండి.