దయ్యం కథను నిజమని నమ్మిన పాఠకుడికి జవాబు ఎలా రాయాలి?

పోస్టు కార్డు, పెన్ను చాలు. కవరు వద్దు. కార్డులో చోటు తక్కువ, రహస్యానికి తావు లేదు. ఫోనులో అసలే మాట్లాడకండి, గొంతు వింటే చనువు పెరుగుతుంది. మీ చిరునామాగా పత్రిక కార్యాలయానిదే ఇవ్వండి. ఉత్తరం అందిన రోజే జవాబు రాయకూడదు.

భయపడ్డామన్నవారికి, ముగింపు బాగాలేదన్నవారికి ఒక వాక్యం కృతజ్ఞత చాలు.

చిక్కంతా "మీ కథలోని ఇల్లు మాదే, మీకెవరు చెప్పారు?" అనేవారితోనే. వరంగల్ శివనగర్‌లోని కాకతీయుల కాలం నాటి మెట్ల బావి దగ్గర దయ్యాన్ని నిలబెట్టి చూడండి, ఆ చుట్టుపక్కల పెరిగినవారెవరో ఇలా అడిగి తీరుతారు. కొందరు రచయితలు గొప్ప కోసం "నిజంగా జరిగిందే" అంటారు. ఇక ఆ మనిషి మిమ్మల్ని వదలడు. మరికొందరు "పిచ్చి ప్రశ్నలు వేయకండి" అని కసురుతారు. అది అన్యాయం. నమ్మించాలనే కదా అన్ని పేజీలు రాశాం? నమ్మినవారిని చులకన చేసే హక్కు మనకు లేదు.

అలాగని తేలిగ్గా తీసుకోవడానికీ లేదు. భయానక కథల అమెరికన్ రచయిత స్టీఫెన్ కింగ్ నవల 'మిజరీ' 1987లో వచ్చింది. అందులో ఒక వీరాభిమాని రచయితను నిర్బంధించి, చనిపోయిన నాయికను బతికించేలా నవల రాయిస్తుంది. 1991లో అమెరికాలోని బాంగోర్‌ ఊళ్లో కింగ్ ఇంట్లోకి ఒకడు నిజంగానే చొరబడ్డాడు. 'మిజరీ' తన బంధువు దగ్గర దొంగిలించిందేనని అతడి వాదన. అప్పుడు ఇంట్లో ఉన్నది కింగ్ భార్య.

కాబట్టి కార్డు మీద ఇంతే రాయండి: "బావి నేను చూసినదే. ఇల్లు, మనుషులు నేను కల్పించినవి. మీ ఇంటి సంగతి నాకెవరూ చెప్పలేదు." నాలుగో వాక్యం వద్దు. ముఖ్యంగా "మీ ఇంట్లో ఏం జరిగింది?" అని అడగకండి. చేయి ఊరుకోదు, తెలుసు. తర్వాతి కథ అక్కడే దొరుకుతుందనిపిస్తుంది. ఆ ఒక్క ప్రశ్నతో మీరే తలుపు తీసినట్టు. అడిగి, వారు చెప్పింది కథగా రాశారంటే ఆ ఇల్లు నిజంగానే వారిదవుతుంది, వారి ఫిర్యాదూ న్యాయమవుతుంది.

కింద పేరు ఒక్కటే రాయండి, "మీ ఆత్మీయుడు" వద్దు. రెండో ఉత్తరానికి జవాబు ఇవ్వకండి. బెదిరింపు కనిపిస్తే ఉత్తరాన్ని చించకుండా, తపాలా ముద్ర ఉన్న కవరుతో సహా పోలీసు స్టేషనుకు తీసుకెళ్లండి.