పాత జిప్సీ, కొత్త కమాన్లు – 4వ పాఠం: జాకీ దించాకే బిగించాలి

ఈసారి షాక్ అబ్జార్బర్ల గురించి చెప్తానని పోయిన పాఠం చివర మాటిచ్చాను. అది సగమే నెరవేరేలా ఉంది. మూడో పాఠం చదివి మారుతి జిప్సీకి కమాన్ కట్టలు (లీఫ్ స్ప్రింగులు) మార్చుకున్నవాళ్లలో ఎక్కువమంది చెప్పింది ఒక్కటే: "బండి ఎత్తయితే వచ్చింది గానీ నడుములు పోతున్నయి." హన్మకొండ నుంచి నర్సంపేట పోయొచ్చేసరికి ఒకాయన ఇంట్లోవాళ్లు ఇక ఆ బండి ఎక్కేది లేదన్నారట. ఒకరి బండి ఎడమవైపు లేచి నిలబడింది. ఇంకొకరికి 60 దాటితే స్టీరింగ్ వణుకుతోంది. కొందరికి స్టీరింగ్ పూర్తిగా తిప్పితే టైరు వెళ్లి కమాన్‌కు రాసుకుంటోంది. ఇవి సర్దుకోకుండా షాకులు కొంటే డబ్బు దండగ.

ముందు తేలికైనది. టైరు రాసుకుంటున్నవాళ్లందరూ వేసింది 235/75 ఆర్15 సైజు. నేను వేయమని రాసింది 215/75. జిప్సీ కింగ్‌కు కంపెనీ ఇచ్చిన 205/70 ఆర్15 టైరు వ్యాసం సుమారు 668 మిల్లీమీటర్లు. 215/75 అయితే 703, 235/75 అయితే 733. పెరిగినదాంట్లో సగమే బండి కింద ఎత్తుగా దక్కుతుంది. అంటే 235 వేసినా వచ్చేది మూడు సెంటీమీటర్ల పైచిలుకు, అంతే. దానికి బదులు గేర్లన్నీ పది శాతం బరువెక్కుతాయి. మీటరు 60 చూపిస్తుంటే బండి 66 మీద పోతుంటుంది. 1.3 లీటర్ల ఇంజను నల్లరేగడి బురదలో ఆ బరువు లాగలేక క్లచ్ కాలుస్తుంది. వేసేశాం, ఇప్పుడేం చేయాలి అంటారా, చక్రం ఎంతదాకా మళ్లాలో ఆపే స్టాపర్ బోల్టు కొంచెం బయటికి తిప్పండి. బండి కాస్త పెద్దగా తిరుగుతుంది, సర్దుకోవాలి. వీల్ స్పేసర్లు (చక్రాన్ని బయటికి జరిపే బిళ్లలు) మాత్రం వద్దు. చక్రం బయటికి జరిగేకొద్దీ బేరింగుల మీద భారం పెరుగుతుంది, స్పేసర్లు నాకు నచ్చవు.

స్టీరింగ్ వణుకు గురించి. మెకానిక్ దగ్గరికి పోతే "డ్యాంపర్ ఏద్దాం అన్నా, పోతది" అంటాడు. డ్యాంపర్ అంటే వణుకును అణిచే చిన్న షాకు. దాంతో వణుకు కనపడకుండా పోతుంది, రోగం అట్లనే ఉంటుంది. మొదట చక్రాల బ్యాలెన్సింగ్ చేయించండి. తర్వాత ముందు చక్రం లేపి, పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆట (వదులుగా కదలడం) కనిపిస్తే ఇంకొకరిని బ్రేకు తొక్కమనండి. ఆట పోయిందా, వీల్ బేరింగ్. పోలేదా, కింగ్ పిన్ (స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం దేని మీద మళ్లుతుందో అది). కుడి ఎడమలుగా ఊపితే ఆట ఉంటే టై రాడ్ ఎండ్‌లు (స్టీరింగ్ కడ్డీల కొసల కీళ్లు) చూసుకోవాలి. ఇవన్నీ బాగుండి కూడా వణికితే, ముందు కమాన్లకు పొడుగు షాకిళ్లు (కమాన్ కొసను చాసిస్‌కు కలిపే ఊగే పట్టీలు) వేయించారేమో చెప్పండి. జిప్సీ ముందు కమాన్లకు షాకిల్ ముందు కొసన ఉంటుంది. దాన్ని పొడుగు చేస్తే యాక్సిల్ ముందుకు తిరిగి, వెనక్కి వాలి ఉండాల్సిన కింగ్ పిన్ నిటారుగా నిలబడుతుంది. మలుపు తర్వాత స్టీరింగ్ దానంతటదే వెనక్కి రాదు. ములుగు రోడ్డు మీద 80లో బండి అటూ ఇటూ వెతుక్కుంటూ పోతుంది. పైగా 50 మిల్లీమీటర్లు పొడుగు షాకిల్ వేస్తే పెరిగే ఎత్తు 25. పాత షాకిళ్లు తిరిగి బిగించండి.

ఇక అసలు సంగతికి వస్తాను. బండి గట్టిపడిందన్నవాళ్లలో, ఒక వైపు లేచిందన్నవాళ్లలో దాదాపు అందరిదీ ఒకే తప్పు. కమాన్ల బోల్టులు బండి జాకీ మీద ఉండగానే బిగించారు. మూడో పాఠంలో ఒక్క వాక్యంలో చెప్పాను కాబట్టి ఈసారి విడమరిచి చెప్తా. ఇది మెకానిక్‌లు ఒప్పుకోని విషయం. "అన్నా, నాలుగు రోజులు తిరిగితే సెట్ అయితది" అని సాగనంపుతారు. సెట్ కాదు.

కమాన్ కట్ట రెండు కొసల్లో కళ్లు (గుండ్రటి రంధ్రాలు) ఉంటాయి కదా, వాటిలో రబ్బరు బుష్ (గొట్టంలాంటి తొడుగు) కూర్చుంటుంది. బోల్టు గట్టిగా బిగించాక రబ్బరు లోపలి భాగం చాసిస్ మీది హ్యాంగర్ బ్రాకెట్‌కో షాకిల్ పట్టీకో అతుక్కుపోతుంది. బయటి భాగం కమాన్‌తోనే కదులుతుంది. బండి ఎగిరి పడ్డప్పుడల్లా కమాన్ కన్ను కొంచెం తిరుగుతుంది, ఆ తిరుగుడు రబ్బరు మెలికపడి మింగుతుంది. అక్కడ ఏదీ జారదు. రబ్బరు మెలికపడి మళ్లీ తిన్నగవుతుంది, అంతే దాని పని.

ఇప్పుడు చాసిస్‌ను జాకీ మీద లేపి, యాక్సిల్ వేలాడుతుండగా బోల్టు బిగిస్తే ఏమవుతుంది? యాక్సిల్ కిందికి వేలాడే స్థితే రబ్బరుకు "తిన్నగా" అయిపోతుంది. జాకీ దించగానే కమాన్ సర్దుకుంటుంది, కళ్లు తిరుగుతాయి, బుష్‌లన్నీ ఒకేవైపు మెలికపడి కూర్చుంటాయి. బండి ఊరికే నిలబడి ఉన్నా రబ్బరు దాన్ని పైకి నెడుతూనే ఉంటుంది. మీరు కట్ట బలంతో వచ్చిందనుకున్న ఎత్తులో కొంత ఈ నెట్టుడే. గుంతలో పడ్డప్పుడు కట్టతో పాటు మెలికపడ్డ రబ్బరు కూడా ఎదురు తిరుగుతుంది. అందుకే గట్టిగా ఉంది. ఎడమవైపు వేలాడుతుండగా బిగించి, కుడివైపు మధ్యాహ్నం భోజనం చేసొచ్చి నేల మీద బిగిస్తే, ఎడమ లేచి ఉంటుంది. కొంతకాలం పోయాక రబ్బరు చిరిగి, కిర్రుమనడం మొదలవుతుంది. అప్పుడు ఎవడో వచ్చి పాత ఇంజను ఆయిలు పోస్తాడు. ఆయిలు తగిలిన రబ్బరు ఉబ్బి, మెత్తబడి పోతుంది. ఆయిలు బుష్ దగ్గరికి పోనీయొద్దు. కట్టలోని కమాన్ పట్టీల మధ్య రాపిడి తగ్గాలంటే కట్ట విప్పినప్పుడు తుప్పు గీకి, గ్రాఫైట్ గ్రీజు పలచగా రాయండి.

మీ బండిది ఈ తప్పేనా కాదా తెలుసుకోవడం ఎట్లా? సమతలంగా ఉన్న చోట నిలబెట్టి, చక్రం నడిమి నుంచి ఫెండర్ (మడ్‌గార్డు) అంచు దాకా నాలుగు మూలలా కొలవండి. షాకిల్ పట్టీ అంచు నుంచి బుష్ రబ్బరు మీదికి తెల్ల పెయింటుతో ఒకే గీత గీయండి. బండి నేల మీదే ఉండగా, చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, కమాన్ బోల్టుల నట్లు రెండు మూడు చుట్లు వదులు చేయండి. బోల్టు పీకొద్దు, వదులు మాత్రమే. మెలిక ఉంటే వదిలేటప్పుడు "టక్" మని చప్పుడొస్తుంది, గీత రెండుగా విడిపోతుంది, బండి కొంచెం దిగుతుంది. పరకాల దగ్గర ఒక బండి ఒక మూల దాదాపు రెండు సెంటీమీటర్లు దిగింది. దాని యజమాని ఆ ఎత్తు పోయినందుకు బాధపడ్డాడు గానీ, అది అసలు ఆయనది కాదు. వదులు చేశాక బండి నాలుగు మూలల మీదా మీరు కూర్చుని లేచి, బండిని ముందుకూ వెనక్కీ నాలుగడుగులు తోసి, అప్పుడు టార్క్ రెంచితో (బిగుతు కొలిచే పానాతో) బిగించండి. కిందికి దూరడానికి చోటు లేదంటే జాకీ పెట్టకండి. వాటర్ సర్వీసింగ్ చేసే చోట సిమెంటు ర్యాంపు ఉంటుంది చూడండి, బండి దాని మీద చక్రాల మీదే నిలబడుతుంది. పొద్దున్నే గిరాకీ లేనప్పుడు పోతే అరగంట ఇస్తారు. నేను ఎప్పుడూ అక్కడే బిగిస్తాను.

పాత మహీంద్రా జీపులు నడిపేవాళ్లు కూడా అడిగారు. మీ షాకిళ్లకు గ్రీజు నిప్పల్ ఉండి లోపల ఇత్తడి బుష్ ఉంటే అది తిరిగే రకం. దానికి ఈ గొడవ లేదు, గ్రీజు గన్ మరిచిపోకండి చాలు. పాలీ బుష్ (పాలీయురేథేన్ ప్లాస్టిక్‌ది) కూడా సరిగ్గా గ్రీజు పెట్టి బిగిస్తే తిరుగుతుంది. జిప్సీకి నేనైతే రబ్బరే వేస్తాను.

కమాన్‌ను యాక్సిల్‌కు పట్టి ఉంచే యూ బోల్టుల విషయంలో ఎవరూ తప్పు చేయలేదు కాబట్టి ఒక్క మాటే: కొత్తవే వేయాలి, ఎదురెదురుగా బిగించాలి, వందా రెండొందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చూడాలి. కట్టను నడుమ కలిపి ఉంచే సెంటర్ బోల్టు తల యాక్సిల్ రంధ్రంలో కూర్చుందో లేదో అనుమానముంటే ముందు, వెనక చక్రాల నడుమల మధ్య దూరం రెండు వైపులా కొలవండి. 2,375 మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. ఎంతుందన్నది కాదు, రెండు వైపులా ఒకటే ఉండాలి.

టైరు గాలి. ఇక్కడ అందరూ కార్లకు 35 పీఎస్‌ఐ కొట్టే అలవాటుతో జిప్సీకి కూడా 35 కొట్టిస్తున్నారు. బండి బరువు సుమారు 1,000 కిలోలు. అంత గాలికి టైరు నడుమ ఒక్కటే రోడ్డు మీద ఆనుతుంది, గట్టిదనంలో సగం అదే. 215/75కు, ఇద్దరు ఎక్కి పోయేటప్పుడు, నేను ముందు 24, వెనక 22 పెడతాను. నిండుగా ఎక్కితే వెనక 28. నమ్మకం లేకపోతే టైరు మీద అడ్డంగా సుద్దముక్కతో మందంగా గీత గీసి, తిన్నటి తారు రోడ్డు మీద కొద్దిదూరం నడపండి. నడుమ మాత్రమే చెరిగితే గాలి ఎక్కువ, అంచులే చెరిగితే తక్కువ. రామన్నగూడెం దగ్గర గోదావరి ఇసుకలో దిగేటప్పుడు 15 దాకా దింపొచ్చు, కానీ గాలి పంపు బండిలో ఉండాలి, తారు రోడ్డెక్కే ముందు మళ్లీ కొట్టాలి. నల్లరేగడిలో గాలి దింపడం వల్ల ఇసుకలో వచ్చినంత లాభం రాదు. అక్కడ సన్న టైరు కోసుకుంటూ గట్టి నేల దాకా దిగడమే మేలు. 215 వేయమన్నది అందుకు కూడా. టైరు కొనేటప్పుడు పక్క గోడ మీద నాలుగంకెలు చదవండి: 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైంది. ముందు చక్రాలకు బటన్ టైర్లు (రీట్రెడ్ చేసినవి) వద్దు.

ఎత్తు పెంచినవాళ్లకు ఇంకో మాట. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన వివరాలు మార్చడాన్ని కట్టడి చేస్తుంది. 15 ఏళ్లు దాటిన బండి ఆర్‌సీ రెన్యువల్‌కు ఫిట్‌నెస్‌కు పోవాలి. పాత కమాన్ కట్టలు అమ్మేయకండి, గోనె సంచిలో చుట్టి పెట్టుకోండి.

షాకులకు ఇక కొలతలే చెప్తాను, కొనడం వచ్చే పాఠంలో. అభ్యాసం కూడా ఇదే, సగం రోజు పడుతుంది, ఇద్దరుండాలి. కమాన్ బోల్టులు నేల మీద సరిగ్గా బిగించాకే మొదలుపెట్టండి. ఒక మూల షాకు విప్పి, బండి మామూలుగా నిలబడ్డప్పుడు పై మౌంటు నుంచి కింది మౌంటు దాకా ఎంతుందో రాసుకోండి. తర్వాత అదే చక్రాన్ని యాక్సిల్ కింద జాకీతో లేపండి, యాక్సిల్ పైకి రాకుండా ఆపే బంప్ స్టాప్ రబ్బరు తగిలి నొక్కుకునేదాకా. మళ్లీ కొలవండి. చివరికి చాసిస్ కింద స్టాండు పెట్టి, యాక్సిల్ పూర్తిగా వేలాడదీసి కొలవండి. అప్పుడే బ్రేకు గొట్టం కూడా చూడండి. తీగలా బిగుసుకుని ఉంటే షాకుల సంగతి పక్కనపెట్టి ముందు పొడుగు గొట్టం వేయించాలి, ఆ బండి అప్పటిదాకా రోడ్డెక్కొద్దు. ఇట్లా నాలుగు మూలలా మూడేసి, మొత్తం పన్నెండు కొలతలు. కొత్త షాకు పూర్తిగా ముడుచుకున్న పొడవు మీ రెండో కొలత కంటే తక్కువ ఉండాలి, పూర్తిగా చాచిన పొడవు మూడోదానికంటే ఎక్కువ ఉండాలి. ఉదాహరణకు మీకు 380, 300, 470 మిల్లీమీటర్లు వచ్చాయనుకోండి. ముడిస్తే 310 ఉన్న షాకు బంప్ స్టాప్ కంటే ముందే అడుగంటుతుంది, మౌంటు విరుగుతుంది. చాస్తే 450 ఉన్నది కమాన్‌ను పట్టి వేలాడదీస్తుంది, లోపలి రాడ్డు ఊడొస్తుంది. 285, 485 ఉన్నది దొరికితే బాగుంటుంది.

కుడికీ ఎడమకూ పది మిల్లీమీటర్ల కంటే ఎక్కువ తేడా వస్తే కొలత మళ్లీ తీయండి. మళ్లీ అంతే వస్తే బుష్ బోల్టుల దగ్గరికి వెళ్లి తెల్ల గీతలు చూడండి.