ఎండాకాలంలో హైదరాబాదు: ఏ పూట ఎటు వెళ్లాలి?

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న సామెత హైదరాబాదు బండరాళ్లకు కూడా చక్కగా వర్తిస్తుంది. మే నెల మధ్యాహ్నాల్లో ఇక్కడ ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలే. అయితే దక్కను పీఠభూమి మీద 500 మీటర్లకు పైగా ఎత్తులో ఉన్న నగరం కనుక కోస్తా ఊళ్లలో ఉండేంత ఉక్కపోత ఉండదు, పొద్దుగుంకిన కొంతసేపటికి గాలి తేలికపడుతుంది. అందువల్ల పిల్లల సెలవులకు ఇక్కడికి వచ్చేవారు చూడవలసిన చోట్ల జాబితా రాసుకునే ముందు ఏ చోటికి ఏ పూట వెళ్లాలో నిర్ణయించుకోవాలి. తీరికగా టిఫిను ముగించి పదిన్నరకు గోల్కొండకు బయలుదేరడం చాలామంది చేసే పొరపాటు. ఒకసారి నేనూ చేసి, సగం మెట్ల దగ్గరే వెనుదిరిగాను.

గోల్కొండకు తలుపులు తెరిచే వేళకే చేరుకోవాలి. కోట ఉన్నది నల్లరాతి గుట్ట మీద కాబట్టి ఎండ ముదిరేకొద్దీ మెట్లూ గోడలూ వేడెక్కి, పైనుంచే కాక పక్కల నుంచి కూడా సెగ కొడతాయి. ప్రవేశద్వారం గుమ్మటం కింద చప్పట్లు కొట్టి, కొండ కొసన ఉన్న బాలా హిస్సార్ దగ్గర ఆ చప్పుడు వినడానికి ఇంట్లో ఒకరిని ముందుగా పైకి పంపితే పిల్లలకు అంతకు మించిన వినోదం ఉండదు. మూడు వందలకు పైగా ఉన్న మెట్లలో, భద్రాచలం గుడి కట్టించిన కంచర్ల గోపన్నను బంధించారని చెప్పే రామదాసు బందిఖానా దగ్గర ఆగితే కాళ్లకు విశ్రాంతి, మనసుకు ఒక కథ రెండూ దొరుకుతాయి. దిగి వచ్చాక ఇంకా ఓపిక ఉంటే దగ్గరలోనే ఉన్న కుతుబ్‌షాహీ సమాధులకు వెళ్లవచ్చు, గుమ్మటాల కింద నీడ చల్లగా ఉంటుంది. కోట ఎక్కలేని పెద్దవారు అదే ఉదయాన్ని జూబ్లీహిల్స్ వైపు కేబీఆర్ పార్కులో నెమళ్ల కేకల మధ్య నడుస్తూ గడపవచ్చు.

పదకొండు నుంచి నాలుగు దాకా కప్పు కిందే ఉండాలి. ఈ వేళకు సాలార్‌జంగ్ మ్యూజియాన్ని మించినది నగరంలో లేదని నా అభిప్రాయం. మెట్రోలో ఇమ్లీబన్ బస్టాండు పక్కనున్న ఎంజీబీఎస్ స్టేషనులో దిగితే అక్కడి నుంచి ఆటోలో కొద్ది దూరమే. గడియారం ఉన్న ఆవరణకు పన్నెండుకు ఓ పావుగంట ముందే చేరుకుని కూర్చోవాలి. గంట కొట్టే వేళ లోపలి నుంచి బొమ్మ మనిషి వచ్చి ఒకటీ రెండూ కాక పన్నెండు సార్లు కొట్టేది అప్పుడే. తరువాత ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన ముసుగు రెబెక్కా దగ్గర కొంతసేపు నిలబడాలి: చెక్కినది గట్టి పాలరాయే అయినా ముఖం మీది మేలిముసుగు తడిసిన పలచని బట్టలా కనిపిస్తుంది. ఒకే దుంగలో ముందు జర్మన్ నాటకం ‘ఫౌస్ట్’లోని దయ్యం మెఫిస్టోఫిలీస్‌ను, వెనుక అదే నాటకంలోని అమాయకురాలు మార్గరెట్టాను చెక్కిన కొయ్యబొమ్మకు వెనకాల అద్దం పెట్టారు. అది గమనించకుండా దాటిపోయేవారు సగం బొమ్మే చూసినట్టు. శుక్రవారం ఈ మ్యూజియానికి సెలవు. చౌమహల్లా ప్యాలెస్ కూడా ఆ రోజు మూసి ఉంటుంది కనుక శుక్రవారం మధ్యాహ్నానికి బిర్లా ప్లానెటేరియం పెట్టుకోవడం మేలు. జంతుప్రదర్శనశాలకు సెలవు సోమవారం.

దారిలో దాహానికి తాటిముంజలు కొనేటప్పుడు, ఒలిచి పళ్లెంలో పెట్టినవి వదిలి, కాయను మన ఎదుటే చెక్కించుకుని తినాలి. వేలితో నొక్కితే మెత్తగా దిగి నీరు చిమ్మేది లేత ముంజ; గట్టిపడినది కడుపునొప్పి తెస్తుంది. మామిడిలో బంగినపల్లి ఎక్కడైనా దొరుకుతుంది కాబట్టి, ఇక్కడికి వచ్చినప్పుడు ధర కాస్త ఎక్కువైనా హిమాయత్ రుచి చూడడం మంచిది.

సాయంత్రం చార్మినారు. 1591లో కట్టిన ఆ మీనార్లు దీపాల వెలుగులో పగటికన్నా అందంగా ఉంటాయి, పక్కనే లాడ్ బజారులో లక్క గాజుల బేరానికి కూడా ఎండ లేని వేళే అనువు. తిరుగు దారిలో 1935 నాటి మొజంజాహీ మార్కెట్ దగ్గర ఆగి, ఈ కాలానికే ప్రత్యేకమైన మామిడిపండు ఐస్‌క్రీం తినకుండా ఇంటికి పోకూడదు.

ప్రయాణం ఆషాఢ మాసానికి జరిగితే ఎండ తగ్గి వానలు మొదలై ఉంటాయి, బోనాలు కూడా చూడవచ్చు. అయితే తొలి బోనం గోల్కొండ కోటలోని జగదాంబిక అమ్మవారికే సమర్పిస్తారు కనుక, ఆ రోజున కోటకు అమ్మవారి దర్శనానికే వెళ్లి, కోట చూడడాన్ని మరో ఉదయానికి వాయిదా వేసుకోవాలి.