పాటల స్టేషన్‌లో మాటలు పెట్టాలంటే

పాటలు తీసేసి ఆర్జేని ఎక్కువసేపు మాట్లాడమంటే టాక్ రేడియో అయిపోతుందని అనుకుంటారు చాలామంది, నేనూ అలాగే అనుకున్నా. హైదరాబాద్‌లో ఒక చిన్న స్టేషన్‌లో మూడు గంటల షోని అలా మార్చిన మొదటి రోజే దెబ్బ తగిలింది, అదీ ఆర్జే వల్ల కాదు. చెరువుల గురించి చెబుతున్న ఒక పెద్దాయన ఏదో గుర్తు తెచ్చుకోడానికి కాసేపు ఆగారు, అంతే, డ్యూయెట్ మొదలైంది. సైలెన్స్ డిటెక్టర్ అని ఒకటుంటుంది కదా, కొన్ని సెకన్లు సౌండ్ రాకపోతే డెడ్ ఎయిర్ అనుకుని బ్యాకప్ పాటలు వదిలేస్తుంది. మాది ఐదు సెకన్ల మీద ఉంది. పాటలకు అది సరే, మనిషికి చాలదు. ముందు దాన్ని పదిహేను, ఇరవై సెకన్లకు పెంచండి, బ్యాకప్‌లో డ్యూయెట్లు తీసేసి ఏ వీణో పెట్టండి.

తర్వాత లైసెన్స్ తీసి చదవండి, ఎవరో చెప్పింది నమ్మొద్దు. ప్రైవేటు ఎఫ్ఎంలకు సొంత వార్తలు ఇచ్చే అనుమతి లేదు, ఆకాశవాణి బులెటిన్‌ను మార్చకుండా వేసుకోవచ్చు. గంటకు పది నిమిషాలు వార్తలకు ఒప్పుకోవాలని టెలికాం, ప్రసారాల నియంత్రణ సంస్థ ట్రాయ్ 2023 సెప్టెంబర్‌లో చెప్పింది నిజమే, కానీ అది సిఫార్సు, దాన్ని చూసుకుని వార్తలు చదివితే ఇబ్బంది మీకే. ట్రాఫిక్, వాతావరణం, పరీక్షల ఫలితాలు, అడ్మిషన్లు, ఉద్యోగాలు, అధికారులు ఇచ్చే కరెంటు, నీళ్ల ప్రకటనలు మాత్రం వార్తల కిందికి రావు. గంటసేపు వాన పడితే సగం ఊరు రోడ్డు మీదే ఉండిపోయే హైదరాబాద్‌లో ఇవి తక్కువేం కాదు. చిక్కు ఎక్కడంటే, కాలర్ నల్లా నీళ్లతో మొదలుపెట్టి, కార్పొరేటర్ దగ్గరికి వెళ్లి, రెండో నిమిషానికి పార్టీల్లోకి దిగుతాడు. మర్యాదగా మళ్లీ నల్లా దగ్గరికి లాక్కురావడం ఆర్జేకి ముందే ప్రాక్టీస్ చేయించండి.

అసలు టెన్షన్ ఫోన్లతోనే. లైవ్ కాల్స్ తీసుకుంటే ఏడెనిమిది సెకన్ల డిలే, అంటే మాట అంత ఆలస్యంగా రేడియోలో వచ్చే ఏర్పాటు, పక్కనే తప్పు మాటను కట్ చేసే బటన్ ఉండాల్సిందే. డిలే పెట్టగానే ఇంకో తలనొప్పి: కాలర్ ఇంట్లో రేడియో మోగుతుంటుంది, తన మాటే ఏడు సెకన్ల తర్వాత వినిపించి పాపం తడబడిపోతాడు. అందుకే లైన్ కలిపే ముందే 'రేడియో ఆపేయండి అండీ, ఫోన్లోనే వినండి' అని ప్రొడ్యూసర్ చెప్పాలి. ప్రొడ్యూసర్ అన్నా కదా, ఆ మనిషి లేకుండా ఈ పని పెట్టుకోవద్దు, ఆర్జే ఒక్కడే ఫోనెత్తి, పేరు రాసుకుని, గెస్ట్‌తో మాట్లాడటం జరిగే పని కాదు. ఇక ఏ మాటకు బటన్ నొక్కాలో ముందే తేల్చుకోండి, 'హౌలే' అని హైదరాబాదీ తిట్టు తిడితే కట్ చేయాలా వద్దా అని మాకు గంట మీటింగ్ అయింది. (వద్దనే తేలింది, లేకపోతే మిగిలేది జింగిల్సే.)

మొదటి రెండు వారాలు ఎవరూ ఫోన్ చేయరు, ఆఫీసు వాళ్లతో దొంగ కాల్స్ చేయించకండి, మేం చేయించాం, పక్క బిల్డింగ్ టీ కొట్టాయన గొంతు గుర్తుపట్టేశాడు. దానికంటే వాట్సాప్‌లో అర నిమిషం వాయిస్ నోట్స్ అడగండి, సిగ్గుపడేవాళ్లు కూడా పంపుతారు.

సౌండ్ సంగతి. చిన్న చప్పుడు పెంచి, పెద్దది తగ్గించే కంప్రెసర్ ఒకటుంటుంది, పాటల కోసం బిగించినదాన్ని అలాగే వదిలేస్తే మాట ఆగిన ప్రతిసారీ ఏసీ హోరు, ఊపిరి చప్పుడు పైకి వస్తాయి, కొంచెం వదులు చేయండి. పూర్తిగా మాటలే ఉన్న గంటల్లో వీలైతే మోనోలో పంపండి, సిగ్నల్ తగ్గిన చోట స్టీరియోలో వచ్చే గరగర చాలావరకు పోతుంది.

పాటల షోలో ఆర్జే మాట్లాడేది పాటకూ పాటకూ మధ్య ముప్పై, నలభై సెకన్ల లింకులే, గంటంతా కలిపినా పది నిమిషాలు దాటదు. ఇప్పుడు యాడ్స్ పోగా నలభై ఐదు నిమిషాలు నింపాలి, దానికి రోజూ రెండు మూడు గంటలు చదువుకుని రావాలి, ఆ టైమ్‌కి జీతం లెక్కేయకపోతే నెలలో మానేస్తాడు. ఇంకో అలవాటు కూడా మార్చాలి. పాట మధ్యలో విన్నా పాటే, మాట మధ్యలో వింటే తలా తోకా తెలియదు. అమీర్‌పేటలో ఇప్పుడే ఆటో ఎక్కినవాడి కోసం ఐదారు నిమిషాలకోసారి గెస్ట్ ఎవరు, దేని గురించి అని మళ్లీ చెప్పాలి, స్టూడియోలో ఉన్నవాళ్లకు విసుగనిపించినా సరే.

యాస దిద్దకండి. కాలర్ సగం తెలుగు, సగం దక్కనీ మాట్లాడితే ఆర్జే కూడా అలాగే జవాబివ్వొచ్చు. జహీరాబాద్ దగ్గర మాచనూర్‌లో 2008లో మొదలైన 'సంఘం రేడియో' అనే కమ్యూనిటీ స్టేషన్‌లో ఊరి ఆడవాళ్లే మైకు పట్టుకుని విత్తనాలు, పంటల గురించి వాళ్ల మాటల్లోనే చెప్పారు, మీ ఆర్జేలకు ఆ సంగతి చెప్పండి.

ఉదయం డ్రైవ్ టైమ్‌ని, అంటే జనం ఆఫీసులకు వెళ్తూ వినే గంటల్ని, మాత్రం మొదట ముట్టుకోకండి, యాడ్స్ డబ్బంతా అక్కడే. పదకొండు నుంచి ఒంటిగంట దాకా మొదలుపెట్టి, కాల్స్ వాటంతట అవే వచ్చేదాకా మాటల భాగాల మధ్య ఒక్కో పాట ఉంచండి, ఆర్జేకి నీళ్లు తాగే టైమైనా దొరుకుతుంది.