గ్రీన్ టీ చేదెక్కకుండా: నీటి వేడి, పాత్ర ఎంపిక

గ్రీన్ టీ చేదుగా ఉంటుందని పక్కన పెట్టేసేవారిలో చాలామంది, పాల టీకి కాచినట్టే నీళ్లను తెర్లించి, వాటిని అలాగే ఆకు మీద పోస్తుంటారు. మరిగే నీరు ఆకులోని వగరునూ చేదునూ ఒక్కసారిగా దించేస్తుంది. సెంచా అనే జపాన్ గ్రీన్ టీకి 70 నుంచి 80 డిగ్రీలు, అక్కడే నీడపట్టున పెంచే గ్యొకురో రకానికి 50 నుంచి 60 డిగ్రీల వేడి సరిపోతుంది. థర్మామీటర్ అక్కరలేదు, నీటిని ఒక చల్లని గిన్నెలోంచి మరో దానిలోకి మార్చిన ప్రతిసారీ సుమారు 10 డిగ్రీలు తగ్గుతుంది.

పాత్ర విషయానికి వస్తే, వేడిని పట్టి ఉంచే మందపాటి కూజాలో లేత ఆకు ఉడికిపోతుంది. చైనాలోని హాంగ్‌జౌ ప్రాంతపు లాంగ్‌జింగ్ గ్రీన్ టీకి మామూలు గాజు గ్లాసే చాలు: 3 గ్రాముల ఆకు మీద 80 డిగ్రీల నీరు పోస్తే, మూకుడులో అదిమి వేయించడం వల్ల బల్లపరుపుగా మారిన ఆ ఆకులు మెల్లగా విచ్చుకొని, ఒక్కొక్కటే అడుగుకు దిగడం కనిపిస్తుంది. నా మట్టుకు సగం రుచి ఆ చూడటంలోనే ఉంది. సెంచాకు మాత్రం పక్కపిడి ఉన్న క్యూసు అనే చిన్న కూజా అనువైనది, ఎందుకంటే ముక్కు దగ్గరి సన్నని జల్లెడ నలిగిన ఆకును ఆపుతుంది. నిమిషం కాగానే చివరి చుక్క వరకూ వంపేయాలి. అడుగున నీరు మిగిలితే రెండో విడతకు చేదు తప్పదు. చైనాలోని యిషింగ్ ఊరి మట్టికూజాలు వాసనలను పీల్చుకుంటాయి గనుక, ఒక్క రకం టీకే కేటాయించలేనివారు పింగాణీది కొనుక్కోవడమే మంచిది.