బ్యాండు మొదలవగానే బేస్ మాయమవుతోందా: లక్షణం, కారణం, పరిష్కారం

బేస్ గిటారు ఒంటరిగా వాయించుకుంటే కిటికీ అద్దాలు అదురుతాయి. డ్రమ్స్, రెండు గిటార్లు తోడైన మరుక్షణం మీరు వాయిస్తున్నారో లేదో మీకే తెలియదు. వాల్యూమ్ పెంచితే హోరు పెరుగుతుంది తప్ప స్వరం పైకి రాదు. హెవీ మెటల్, డూమ్, హార్డ్‌కోర్ వాయించే బ్యాండ్లలో నేను అన్నిటికంటే ఎక్కువగా సరిచేసిన సమస్య ఇదే. చాలామంది నా దగ్గరికి వచ్చేసరికే కొత్త యాంప్ (ఆంప్లిఫయర్) కొనేసి ఉంటారు. 300 వాట్ల యాంప్ తీసి 600 వాట్లది పెడితే పెరిగేది 3 డెసిబెళ్లు మాత్రమే. వినబడని బేస్ దానితో వినబడదు.

తీగలు మార్చడం, ట్యూనింగ్, యాంప్ కలపడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను.

ముందు బ్యాటరీ, ఆ తర్వాతే ఏదైనా

మీది యాక్టివ్ బేస్ (సిగ్నల్‌ను బలపరిచే ప్రీయాంప్ లోపలే ఉండి బ్యాటరీతో నడిచేది) అయితే పెడళ్లను (శబ్దాన్ని మార్చే, కాలితో నొక్కే పెట్టెలను), యాంప్‌ను ముట్టుకోకముందే బ్యాటరీ చూడండి. ఎన్నిసార్లు చెప్పినా దీన్ని దాటేసి నేరుగా పెడళ్ల మీద పడతారు. కేబుల్ జాక్‌లో ఉన్నంతసేపూ లోపలి ప్రీయాంప్ నడుస్తూనే ఉంటుంది, మీరు వాయించినా వాయించకపోయినా. రిహార్సల్ అయ్యాక కేబుల్ తీయకుండా స్టాండు మీద వదిలేసే అలవాటు ఉంటే బ్యాటరీ ఎక్కడికి పోతోందో వేరే చెప్పక్కర్లేదు.

కొత్త 9 వోల్టుల బ్యాటరీ మీటరు మీద 9.5 వరకు చూపిస్తుంది. 8 కంటే దిగితే మార్చేయండి. ఇందులో ఒక చిక్కుంది. అయిపోవస్తున్న బ్యాటరీ బేస్‌ను ఒక్కసారిగా ఆపేయదు. గట్టిగా మీటినప్పుడు స్వరం మొదట్లో చిట్లుతుంది, దెబ్బలో బలం తగ్గుతుంది. మామూలు పాటల్లో అది వెంటనే చెవికి తగులుతుంది. మన సంగీతంలో డిస్టార్షన్ (శబ్దాన్ని కావాలనే గరుకుగా చేయడం) ఎప్పుడూ ఉంటుంది కాబట్టి ఆ చిట్లడం అందులో కలిసిపోతుంది, వారాల తరబడి ఎవరూ గుర్తుపట్టరు. అందుకే పెడళ్లన్నీ కట్టేసి, బేస్‌ను నేరుగా యాంప్‌కు కలిపి, గట్టిగా మీటి వినండి.

ఒంటరిగా అద్భుతం, బ్యాండులో శూన్యం

కారణం ఈక్యూ, అంటే అడుగు, మధ్య, పై శబ్దాల పాళ్లను మార్చే నాబ్‌లు. మిడ్స్ (మధ్య శబ్దాలు) తగ్గించి, అడుగును, పైనను పెంచి పెట్టుకున్నారు. గదిలో ఒక్కరే ఉన్నప్పుడు ఆ శబ్దం ఎంతో నిండుగా అనిపిస్తుంది, ఆ మోజు నాకూ తెలుసు. కానీ నాలుగో తీగ ఇ (E) స్వరం 41 హర్ట్జ్ దగ్గర ఉంటుంది. చిన్న స్పీకర్లు, చిన్న గదులు ఆ 41ని సరిగ్గా వినిపించనే లేవు. మన చెవి స్వరాన్ని పట్టుకునేది దాని పైనున్న 82, 123, ఇంకా పై హార్మోనిక్‌ల (అసలు స్వరంతో పాటే మోగే దాని గుణిజాల) ఆధారంగా. మీరు బేస్ నాబ్ తిప్పి పెంచిన చోటే, 60 నుంచి 80 హర్ట్జ్ మధ్య, కిక్ డ్రమ్ కూర్చుని ఉంటుంది. పైన మీరు పెంచిన చోటంతా సింబల్స్, గిటార్ల రొద. మీకంటూ మిగిలే చోటు 250 నుంచి 800 హర్ట్జ్ వరకు. సరిగ్గా దాన్నే తీసేశారు.

ఈక్యూ నాబ్‌లన్నీ మధ్యకు తెచ్చి, బ్యాండు మొత్తం వాయిస్తుండగా మిడ్స్‌ను మెల్లగా పెంచండి. ఒంటరిగా విన్నప్పుడు ముక్కుతో పాడుతున్నట్టు, కాస్త మొరటుగా ఉంటుంది. ఉండనివ్వండి. మోటర్‌హెడ్ బ్యాండు బేసిస్టు లెమ్మీ తన మార్షల్ యాంప్ మీద బేస్, ట్రెబుల్ రెండూ దించేసి మిడిల్ పూర్తిగా పెంచి వాయించేవాడు. ఆ శబ్దాన్ని ఏ గిటారూ పూడ్చలేకపోయింది.

గిటారిస్టుతో కూడా మాట్లాడాలి. అతని యాంప్ మీద బేస్ నాబ్ సగానికి దించితే, గెయిన్ (డిస్టార్షన్ మోతాదు) పావు వంతు తగ్గిస్తే బ్యాండు పలచబడదు, ఇంకా బరువెక్కుతుంది. రిఫ్ (పదే పదే వచ్చే గిటారు వరస) కింద ఉండే బరువు బేస్ పని. గిటారు ఆ పని కూడా చేయబోతే రెండూ పాడవుతాయి. పికప్ (తీగ కదలికను సిగ్నల్‌గా మార్చే భాగం) ఎంపిక మీ చేతిలో ఉంటే నా ఓటు ప్రెసిషన్ బేస్‌కు. 1957లో ఫెండర్ దానికి పెట్టిన రెండు ముక్కల పికప్ మిడ్స్ దగ్గర బలంగా పలుకుతుంది. హెవీ సంగీతానికి అంతకంటే తేలికగా ఇమిడిపోయేది నాకు తారసపడలేదు.

డిస్టార్షన్ కలపగానే అడుగు ఊడిపోతోంది

ఈ భాగం తొందరపడకుండా చదవండి. నన్ను నెలల పాటు తిప్పలు పెట్టింది ఇదే.

లక్షణం ఇలా ఉంటుంది. శుభ్రమైన సిగ్నల్ ఒక దారిలో, డిస్టార్షన్ ఇంకో దారిలో వెళ్లి చివర కలుస్తాయి. అది బ్లెండ్ నాబ్ (రెండు దారుల పాళ్లను మార్చేది) ఉన్న పెడల్ కావచ్చు, రెండు యాంప్‌లు కావచ్చు, రికార్డింగులో డీఐ ట్రాకు (బేస్ నుంచి నేరుగా తీసుకున్నది), మైకు ట్రాకు (స్పీకర్ ముందు మైకుతో తీసుకున్నది) కావచ్చు. శుభ్రమైనది ఒక్కటే వింటే లావుగా ఉంది. డిస్టార్షన్ ఒక్కటే వింటే అదీ లావుగానే ఉంది. రెండూ కలిపితే ఇంకా లావు కావలసింది పోయి డొల్లగా, పీలగా మారుతుంది. పైన బరబరమనే గరుకు మిగులుతుంది, అడుగున ఏమీ ఉండదు.

అందరూ అనే మాట, ‘ఈ పెడల్ లో-ఎండ్‌ను (అడుగు శబ్దాన్ని) తినేస్తోంది.’ కొన్ని పెడళ్లు నిజంగానే తినేస్తాయి, గిటారు కోసం తయారైన ఫజ్‌లు (ఒక రకం డిస్టార్షన్ పెడళ్లు) ముఖ్యంగా. తేడా కనిపెట్టడానికి అర నిమిషం చాలు. బ్లెండ్ నాబ్‌ను పూర్తిగా డిస్టార్షన్ వైపు తిప్పండి. నాలుగో తీగను వేలు పెట్టకుండా మీటి, మోగనివ్వండి. అక్కడే పీలగా ఉంటే తప్పు పెడల్‌దే. అక్కడ నిండుగా ఉండి, నాబ్‌ను మెల్లగా మధ్యకు తెస్తున్నకొద్దీ స్వరం కింద నేల జారిపోయినట్టు అనిపించి, అవతలి కొసకు చేరేసరికి మళ్లీ నిండుగా వస్తే, పెడల్ ఏమీ తినలేదు. రెండు దారులూ ఒకదాన్నొకటి చెరిపేసుకుంటున్నాయి.

దీని పేరు పొలారిటీ తిరగబడటం. తీగను మీటినప్పుడు ఒక దారి స్పీకర్ కోన్‌ను ముందుకు నెడుతుంటే రెండోది అదే క్షణంలో వెనక్కి లాగుతోంది. పెడల్‌లోని ట్రాన్సిస్టర్ దశల్లో చాలావాటికి సిగ్నల్‌ను తలకిందులు చేసే స్వభావం ఉంటుంది. అలాంటివి సరి సంఖ్యలో ఉంటే మళ్లీ సరిపోతుంది, బేసి సంఖ్యలో ఉంటే తలకిందులుగానే బయటికి వస్తుంది. ఆ పెడల్ ఒక్కటే వాడేవాడికి జీవితాంతం తేడా తెలియదు. శుభ్రమైన దారితో కలిపిన రోజే బయటపడుతుంది.

అయితే మొత్తం శబ్దం ఎందుకు చెరిగిపోదు? డిస్టార్షన్ కొత్తగా పుట్టించిన హార్మోనిక్‌లకు శుభ్రమైన దారిలో జత లేదు, కాబట్టి వాటిని చెరిపేది ఏదీ లేదు. రెండు దారుల్లోనూ ఉమ్మడిగా ఉన్నది స్వరం అడుగు భాగం. అదే చెరిగిపోతుంది. అందుకే నేరం పెడల్ మీదికి అంత సులువుగా పోతుంది.

నేను దీన్ని నేర్చుకున్నది రికార్డింగులో. డీఐ ట్రాకు బాగుంది, మైకు ట్రాకు బాగుంది, కలిపితే బేస్ లేదు. తీగలు మార్చాను, మైకు జరిపాను, పెడల్ మార్చాను, చివరికి బేస్ కూడా మార్చాను. ఫలితం శూన్యం. ఆఖరున రెండు ట్రాకుల తరంగాలను తెర మీద బాగా పెద్దవి చేసి చూశాను. ఒకే స్వరం మొదటి కదలిక ఒకదాంట్లో పైకి, రెండోదాంట్లో కిందికి ఉంది. డీఐ బాక్స్ (బేస్ సిగ్నల్‌ను నేరుగా మిక్సర్‌కు పంపే పెట్టె) నుంచి వచ్చే ఎక్స్‌ఎల్‌ఆర్ (మూడు పిన్నుల) కేబుల్ మూత విప్పితే ఎరుపు తీగ 3వ పిన్నుకు, తెలుపు తీగ 2వ పిన్నుకు అతికించి ఉన్నాయి. రెండో కొస విప్పితే ఎరుపు 2లోనే ఉంది. ఎవరో ఎప్పుడో ఒక కొసన మళ్లీ సోల్డరింగ్ చేసినప్పుడు రెండు తీగలూ తారుమారయ్యాయి. టంకం మెరుస్తోంది, పని శుభ్రంగా ఉంది. ఆ కేబుల్ మామూలుగా వాడితే శబ్దం చక్కగా వస్తుంది, గరగర లేదు, బలం తగ్గదు. మీటరుతో తెగిందా లేదా అని మాత్రమే చూస్తే అదీ బాగానే ఉందంటుంది. ఏ పిన్ను ఏ పిన్నుకు వెళ్తోందో చూసి ఉంటే మొదటి రోజే దొరికేది.

పరిష్కారం. డీఐ బాక్స్ మీదో బ్లెండ్ పెడల్ మీదో ఫేజ్ స్విచ్ (పొలారిటీని తిప్పేది) ఉంటే నొక్కండి. మిక్సర్ మీదైతే అడ్డగీత ఉన్న సున్నా గుర్తు బటన్. రెండు దారులనూ సమానమైన బిగ్గరతనానికి తెచ్చి, కింది తీగ మోగుతుండగా స్విచ్ అటూ ఇటూ వేసి, నిండుగా ఉన్న వైపు వదిలేయండి. రెండు వైపులా తేడా స్పష్టంగా ఉంటుంది. తేడా అసలు లేకపోతే మీ సమస్య ఇది కాదు. స్విచ్ ఎక్కడా లేకపోతే 2, 3 పిన్నులు కావాలనే తారుమారు చేసిన పొట్టి ఎక్స్‌ఎల్‌ఆర్ ముక్క ఒకటి చేసుకోండి. దానికి రంగు టేపు చుట్టి పేరు రాయండి. పేరు లేకపోతే అది మామూలు కేబుళ్లలో కలిసిపోయి ఇంకొకరి బేస్‌ను మింగేస్తుంది.

నేను ఇంకో పద్ధతి కూడా ఎప్పుడూ వాడతాను. డిస్టార్షన్ దారిలో 150 నుంచి 200 హర్ట్జ్ కింద ఉన్నదంతా ఫిల్టరుతో కోసేస్తాను. అడుగు బాధ్యత శుభ్రమైన దారిది, గరుకు బాధ్యత డిస్టార్షన్‌ది. చెరుపుకోవడానికి ఉమ్మడి భాగం దాదాపు మిగలదు. పైగా కింది తీగల మీద వేగంగా వాయించే రిఫ్‌లు ముద్దకట్టకుండా విడివిడిగా వినిపిస్తాయి. ఫిల్టరు కోసే చోటుకు దగ్గర్లో ఫేజ్‌ను కొంత తిప్పుతుంది కాబట్టి, పెట్టాక స్విచ్ పరీక్ష మళ్లీ ఒకసారి చేయండి.

స్విచ్ ఎటు వేసినా ఏదో ఒకటి పోతూనే ఉంటే అది ఆలస్యం. మైకు స్పీకర్‌కు ఒక మీటరు దూరంలో ఉంటే శబ్దం సుమారు 2.9 మిల్లీసెకన్లు వెనకబడుతుంది. దాంతో డీఐతో కలిసినప్పుడు 170 హర్ట్జ్ దగ్గర గుంత పడుతుంది. డిజిటల్ యాంప్ మోడలర్ (యాంప్ శబ్దాన్ని అనుకరించే యంత్రం) ఒక దారిలో మాత్రమే ఉండి 2 మిల్లీసెకన్లు తీసుకుంటే గుంత 250 దగ్గర. తెర మీద తరంగాలు రెండూ ఒకే దిశలో మొదలవుతాయి కానీ ఒకటి వెనక ఉంటుంది. వెనకబడ్డ ట్రాకును ముందుకు జరపండి, లేదా మైకును స్పీకర్ గుడ్డకు ఆనేంత దగ్గరకు తీసుకురండి. వేదిక మీద మోడలర్ వాడేవారు రెండు దారులనూ దాని లోపలి నుంచే తీయండి.

రెండు క్యాబినెట్లు (స్పీకర్ పెట్టెలు) పక్కపక్కన పెట్టగానే శబ్దం తగ్గిందంటే అక్కడా ఇదే కథ. యాంప్ నుంచి కేబుల్ తీసేసి, ఆ కేబుల్ కొసకు 1.5 వోల్టుల బ్యాటరీని ఒక్క క్షణం తాకించండి. ప్లస్ కొస ప్లస్‌కు తగిలితే కోన్ ముందుకు రావాలి. ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి పోతే వెనక్కి పోయినదాని లోపలి రెండు వైర్లనూ ఒకదాని చోట ఒకటి పెట్టండి.

ట్యూనింగ్ దించాక తీగ సాగినట్టు మూలుగుతోంది

మామూలు ఇ నుంచి సి (C) వరకు దించితే, అంటే 41.2 నుంచి 32.7 హర్ట్జ్‌కు తెస్తే, అదే తీగ మీద బిగువు 37 శాతం పడిపోతుంది. ఏ యాంప్ కూడా దాన్ని తిరిగి తేలేదు. 0.105 అంగుళాల తీగ బదులు 0.130 దగ్గరిది వేయండి, పాత బిగువు దాదాపు తిరిగి వస్తుంది. నట్ (మెడ కొసన తీగలు ఆనే పట్టీ) గాడి కొంచెం వెడల్పు చేయాల్సి వస్తుంది, ఇంటోనేషన్ (మెడ పొడవునా శ్రుతి సరిగ్గా ఉండటం) మళ్లీ చూసుకోవాలి. వదులు తీగను గట్టిగా కొడితే స్వరం మొదట పైకి లేచి తర్వాత కిందికి దిగుతుంది. ట్యూన్ చేసేటప్పుడు మెల్లగా మీటి, పాటలో బలంగా కొట్టేవారు ఎప్పుడూ కాస్త ఎక్కువ శ్రుతిలోనే ఉంటారు. పాటలో ఎంత బలంగా కొడతారో అంతే బలంతో ట్యూన్ చేయండి.

అరుదైనవి

రెండు పికప్‌లు కలిపినప్పుడు మాత్రమే పీలగా ఉంటే ఒక పికప్ వైర్లు తారుమారై ఉంటాయి, మార్చి అతికించండి. గదిలో ఒకే ఒక్క స్వరం మాయమైతే అది గది చేసే పని, యాంప్‌ను రెండు అడుగులు జరపండి. యాంప్ నుంచి క్యాబినెట్‌కు గిటారు కేబుల్ వాడుతుంటే ఇప్పుడే తీసేయండి, అది అంత కరెంటు మోయలేదు. ట్యూబు అరిగిపోవడం, స్పీకర్ కాయిల్ కాలిపోవడం కూడా ఉంటాయి, కానీ అప్పుడు బేస్ ఒంటరిగా వాయించినా బాగుండదు. ఆ పని రిపేరు చేసేవారికి వదిలేయండి.