మందులకు లొంగని ఫిట్స్: పసిబిడ్డకు కీటో ఆహారం మొదలుపెట్టే పద్ధతి

సరైన మందులు రెండు, సరిపడా మోతాదులో వాడినా బిడ్డకు ఫిట్స్ ఆగడం లేదంటే, ఆపరేషన్‌తో బాగుచేయగల లోపమేదీ మెదడులో కనబడకపోతే, కీటో ఆహారం (కొవ్వు బాగా ఎక్కువ, పిండిపదార్థం చాలా తక్కువ ఉండే ఆహారం) సంగతి డాక్టరును అడగాలి. గ్లట్-1 లోపం (గ్లూకోజ్ మెదడుకు సరిగా చేరని పుట్టులోపం), పైరువేట్ డీహైడ్రోజినేజ్ లోపం (గ్లూకోజ్‌ను శక్తిగా మార్చే ఎంజైమ్ లోపం) ఉన్న బిడ్డలకు మాత్రం అంతదాకా ఆగనక్కర్లేదు. వాళ్లకు ఇదే మొదటి చికిత్స. మిగతావాళ్లలో ఎంత ఆశించవచ్చు? మందులకు లొంగని మూర్ఛ ఉన్న రెండేళ్ల లోపు పిల్లలు 136 మందితో బ్రిటన్‌లో జరిగిన ట్రయల్ ఫలితాలు 2023లో వచ్చాయి. కీటో ఇచ్చినవారికీ, మరో మందు ఇచ్చినవారికీ ఫిట్స్ సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. అంటే ఇది అద్భుతం కాదు, మరో మందుతో సమానంగా నిలబడే దారి. కాబట్టి మందును కొలిచినట్టే దీన్నీ కొలిచి ఇవ్వాలి.

మొదలుపెట్టే ముందు చేయించాల్సిన పరీక్షలను ఎట్టి పరిస్థితిలోనూ దాటవేయకూడదు. కొవ్వును కరిగించి శక్తిగా మార్చుకోలేని పుట్టులోపాలు కొందరికి ఉంటాయి: కార్నిటిన్ (కొవ్వును కణాల్లో శక్తి తయారయ్యే చోటికి చేర్చే పదార్థం) లోపం, బీటా ఆక్సిడేషన్ (కొవ్వును విడగొట్టే ప్రక్రియ) లోపాలు. పైరువేట్ కార్బాక్సిలేజ్ అనే ఎంజైమ్ లోపం వేరే రకం, అది గ్లూకోజ్ తయారీకి సంబంధించింది. వీటిలో ఏది ఉన్నా బిడ్డకు కీటో ఆహారం ప్రాణాంతకం. అందుకే ముందు అసిల్‌కార్నిటిన్ ప్రొఫైల్, మూత్రంలో ఆర్గానిక్ ఆమ్లాలు, లాక్టేట్, అమ్మోనియా చూడాలి. లివర్, కిడ్నీ, కొలెస్ట్రాల్ పరీక్షలు కూడా చేయించాలి. గ్లట్-1 అనుమానం ఉంటే వెన్నునీటిలో గ్లూకోజ్‌ను ఆహారం మార్చకముందే కొలవాలి. నవజాత శిశువుకు పైరిడాక్సిన్ (విటమిన్ బి6) ఇచ్చి చూశారా అని కూడా అడగండి. ఈ విటమిన్‌కు సంబంధించిన పుట్టులోపం వల్ల వచ్చే ఫిట్స్‌కు ఆ విటమినే మందు.

ఇక లెక్క. నిష్పత్తి 3:1 అంటే ప్రోటీన్, పిండిపదార్థం రెండూ కలిపి 1 గ్రాము ఉంటే కొవ్వు 3 గ్రాములు ఉండాలి. అలాంటి ఒక యూనిట్‌లో 31 కేలరీలుంటాయి. 4 కిలోల బిడ్డకు కిలోకు 100 చొప్పున రోజుకు 400 కేలరీలు కావాలనుకుందాం. 400ను 31తో భాగిస్తే సుమారు 12.9. అంటే కొవ్వు 38.7 గ్రాములు, మిగతా రెండూ కలిపి 12.9 గ్రాములు. ఇందులో ముందు ప్రోటీన్ అవసరం తీరాలి, మిగిలిందే పిండిపదార్థానికి.

తల్లిపాలు మానేయాలా అన్నది ప్రతి అమ్మా అడిగే ప్రశ్న. మానక్కర్లేదు, కానీ కొలవాలి. 100 మి.లీ. తల్లిపాలలో కొవ్వు సుమారు 4 గ్రాములు, ప్రోటీన్ 1, పిండిపదార్థం 7. పై బిడ్డకు 4:1 కీటో పొడి పాలతో కలిపి మొత్తాన్ని 3:1కు తేవాలంటే రోజంతటికీ 46 మి.లీ. తల్లిపాలు మాత్రమే పడతాయి. 2:1 అయితే దాదాపు 130 మి.లీ. దాకా ఇవ్వొచ్చు. ఈ లెక్క పద్ధతి అర్థం కావడానికే. మీ బిడ్డ అంకెలు డైటీషియన్ రాసివ్వాలి. రొమ్ము పట్టించి ఇస్తే ఎంత తాగిందో తెలియదు కాబట్టి చాలాచోట్ల పాలు పిండి కలుపుతారు. పొడిని డబ్బాలోని స్పూనుతో కొలవకండి. 0.1 గ్రాము దాకా చూపే తూకం వాడండి. కొవ్వు సీసా గోడకు అంటుకుపోతుంది, అందుకే తాగాక కొంచెం నీళ్లు పోసి గిలకొట్టి అదీ తాగించాలి. లేకపోతే లెక్కంతా సరిగ్గా ఉన్నా నిష్పత్తి పడిపోతుంది.

పసిబిడ్డను ఉపవాసం ఉంచి మొదలుపెట్టకూడదు. ఆసుపత్రిలో చేర్చి 1:1తో ప్రారంభించి, తట్టుకున్నకొద్దీ 2:1కు, తర్వాత 3:1కు పెంచుతారు. మొదటి రోజుల్లో కొన్ని గంటలకోసారి మడమ నుంచి రక్తం తీసి గ్లూకోజ్, కీటోన్లు (కొవ్వు కరిగినప్పుడు రక్తంలో చేరే పదార్థాలు) చూస్తారు. కీటోన్లు లీటరుకు 2 నుంచి 5 మిల్లీమోల్స్ మధ్య ఉండాలి. 5 దాటి, బిడ్డ ఎగశ్వాస తీస్తున్నా, మొహం ఎర్రబడినా, వాంతులు చేసుకున్నా, మగతగా ఉండి పాలు తాగకపోయినా అది కీటోన్లు మితిమీరిన లక్షణం. డైటీషియన్ ముందే రాసిచ్చిన కొలతలో చక్కెర నీళ్లు పట్టి వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేయండి. గ్లూకోజ్ పడిపోయినా ఇదే పద్ధతి.

అంతా బాగున్న బిడ్డకు ఉన్నట్టుండి ఫిట్స్ తిరగబెడితే మొదట దాచిన తీపి కోసం వెతకండి. జ్వరం సిరప్, ఫినోబార్బిటోన్ సిరప్, విటమిన్ చుక్కలు, గ్రైప్ వాటర్, ఓఆర్ఎస్, చూడవచ్చిన పెద్దవాళ్లు నాలుకకు రాసిన తేనె. (ఏడాది లోపు బిడ్డకు తేనె ఎలాగూ పనికిరాదు.) సిరప్‌ల బదులు చక్కెర లేని మాత్రలను నూరి ఇవ్వడానికి వీలుందేమో డాక్టరును అడగండి. ఫిట్స్ మందులైన టోపిరమేట్, జోనిసమైడ్ వాడుతుంటే రక్తంలో ఆమ్లం పెరగడం, కిడ్నీలో రాళ్లు రావడం ఎక్కువ. పొటాషియం సిట్రేట్ అవసరమా అని అడగాలి. వాల్‌ప్రోయేట్ అనే ఫిట్స్ మందుతో కార్నిటిన్ తగ్గవచ్చు. చక్కెర లేని విటమిన్లు, కాల్షియం, విటమిన్ డి తప్పనిసరి. బరువు, పొడవు, తల చుట్టుకొలత క్రమం తప్పకుండా రాసుకోండి. ఎదుగుదల మందగిస్తే కేలరీలనూ ప్రోటీన్‌నూ సవరించాలి.

వేరే ఊరి ఆసుపత్రికి పరుగెత్తాల్సి వస్తే చూపించడానికి డాక్టరు సంతకంతో ఒక కాగితం దగ్గర పెట్టుకోండి. గ్లూకోజ్ పడిపోతే తప్ప గ్లూకోజ్ కలిసిన సెలైన్ ఎక్కించవద్దని, నార్మల్ సెలైన్ వాడాలని, మత్తుకు ప్రొపొఫాల్ వద్దని అందులో ఉండాలి.

ఫలితం తేల్చడానికి సుమారు మూడు నెలలు కావాలి. ఫిట్స్ తగ్గకపోతే మానేయవచ్చు, తగ్గితే సాధారణంగా రెండేళ్ల దాకా సాగిస్తారు. గ్లట్-1 బిడ్డలకు ఇంకా ఎక్కువ కాలం. మానేటప్పుడు కూడా నిష్పత్తిని మెట్టు మెట్టుగా దించాలి, ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ ఉధృతంగా రావచ్చు.